పురాణము చెప్పిన యేండ్లు, భూమి చెప్పిన పేర్లు

విజయవాడ కళాశాలలో ఇరువదేండ్లపాటు తెలుగు బోధించి విరమించిన అరువదినాలుగేండ్ల పండితుడొకరు 1959వ సంవత్సరమున కృష్ణాతీరమును విడిచి, నిజాము పాలన తొలగి అప్పటికి పదేండ్లు మాత్రమే దాటిన కరీంనగరమునకు ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యులుగా వచ్చిరి. 1961 వరకు ఇచ్చటనే యుండిరి. వేయిపడగలు వ్రాసిన నవలాకర్తగా, కిన్నెరసాని పాటల కవిగా, రామాయణ కల్పవృక్షమను మహాకావ్యమునకు కర్తగా విశ్వనాథ సత్యనారాయణగారిని తెలుగువారందరు నెరుగుదురు. చరిత్రకారులతో ఆయన పెట్టుకొన్న కయ్యమును మాత్రము అంతమంది యెరుగరు. ఎరిగినవారును దానిని ఒక పెద్దాయన మొండిపట్టుగా నవ్వి త్రోసివేయుట కలదు. మగధ నేలిరని పురాణములు చెప్పు ఆంధ్రరాజుల కాలమును విశ్వవిద్యాలయముల ఆచార్యులు తప్పుగా నిర్ణయించిరని వాదించి, ఆ వాదమును వ్యాసములతో సరిపెట్టక పండ్రెండు నవలలుగా విస్తరించిన ఆ మనిషి, ఆ రాజులలో మొదటివాని నాణెములు మట్టిలో పడియున్న జిల్లాలోనే రెండేండ్లు కాపురముండెను. ఆ నాణెముల సంగతి అప్పటికి లోకమునకు తెలియదు.

కల్పనాసాహిత్యములో ఒక తెగ కలదు. జరిగినదానిని జరిగినట్లు చిత్రించుటతో దానికి తృప్తి లేదు. కాలములో వెనుకకో ముందుకో పోగలిగినచో ఏమగును, మనమెరిగిన చరిత్ర వేరొక త్రోవ పట్టియున్నచో ఏమగును, అని యొక ప్రశ్న వేసికొని, ఆ ప్రశ్నకు కట్టుబడి ఒక లోకమునే క్రొత్తగా నిర్మించును. కాలయంత్రమును గూర్చి ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్సు వ్రాసిన నవల 1895లో వెలువడినది. కృష్ణాజిల్లా నందమూరులో విశ్వనాథవారు జన్మించినదియు ఆ యేడే, సెప్టెంబరు 10వ తేదీన. ఆ వెల్సే 1920 నాటికి సమస్త మానవజాతి చరిత్రను ఒక పెద్ద గ్రంథముగా వ్రాసి సామాన్యులచేత చదివించెను. మన దేశమున రాహుల్ సాంకృత్యాయన్, ఇరువదిరెండవ శతాబ్దిని ఊహించి ఒక పుస్తకము వ్రాసిన చేతితోనే, క్రీ.పూ. 6000 మొదలు 1942 వరకు గల కాలమును ఇరువది కథలలో నడిపించెను. చాగంటి తులసిగారి అనువాదమున అది 'ఓల్గా నుంచి గంగకు' అను పేర తెలుగిండ్లలోనికి వచ్చినది. వెల్సు గాని, రాహుల్ గాని తమ ఊహను పండితులు అంగీకరించిన చరిత్ర వెంట నడిపినవారు. విశ్వనాథవారు దానికి ఎదురు నడిచినవారు. ఆయన ఊహకు ముడిసరకు భవిష్యత్తు కాదు, యంత్రము కాదు. పండితులు పనికిరాదని ప్రక్కకు నెట్టిన పంచాంగము.

ఆయన చదువు బందరులో సాగినది. తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆయనకు గురువులు. తొలినాళ్లనుండియు ఆంధ్రుల పూర్వకథ ఆయన మనస్సును పట్టియుండెను. ఆంధ్రప్రశస్తి, ఆంధ్రపౌరుషము మొదలగు కృతులు ఆ మోహముననే పుట్టినవి. బందరులోను, గుంటూరులోను, విజయవాడలోను అధ్యాపకత్వము నెరపుచు, జీతమునకు పాఠము చెప్పుచు, పాఠము చెప్పని వేళ కావ్యమో నవలయో చెప్పుచు కాలము గడపెను. 'చెప్పుచు' అనుట అలంకారము కాదు. ఆయన నవలలలో పెక్కులు ఆశువుగా చెప్పుచుండగా వేరొకరు వ్రాసికొన్నవే. ఆంధ్ర విశ్వవిద్యాలయము నవలల పోటీ పెట్టినపుడు వేయిపడగలను ఇరువదితొమ్మిది దినములలో చెప్పగా తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరని ప్రసిద్ధి; ఆ పోటీలో బహుమానము అడివి బాపిరాజుగారి నారాయణరావుతో కలిసి దీనికి వచ్చినది. చెప్పి వ్రాయించుటలో ఒక లాభమును ఒక నష్టమును కలవు. గొంతు విననగును, ఊపు తగ్గదు. కాని కథను నిలిపివేసి ఉపన్యాసములోనికి దిగిన చోట ఇక చాలునని చెప్పువారుండరు. విశ్వనాథవారి నవలలు చదివినవారికి ఈ రెండును అనుభవములే.

పుస్తకములలోనికి పోవుదము. వేయిపడగలనే తీసికొన్నను, అది సుబ్బన్నపేట అను ఊరి మూడు తరముల కథ యనియు, జమీందారీ వ్యవస్థ శిథిలమగుటను చిత్రించినదనియు చెప్పి ఊరకుండుట కుదరదు. వేయి పడగల సర్పము కలలో కనబడును. గణాచారి మీద దేవత పలుకును. పసిరిక యను బాలుడొకడు సగము మనిషి, సగము పచ్చిక, పాము వలె ప్రాకుచు ప్రకృతితో పాటు పెరిగి ప్రకృతితో పాటు నశించును. ఇవి కథకు అంటించిన అలంకరణములు కావు. పసిరికను తీసివేసినచో, పంటచేలు ఎందుకు ఎండినవో ఆ నవల చెప్పజాలదు. వాస్తవికతను కొలమానముగా పెట్టుకొని ఆ నవలను కొలిచిన విమర్శకులు పసిరిక దగ్గరకు వచ్చుసరికి ఇబ్బంది పడుట సహజమే.

ఇంతకన్న స్పష్టముగా ఊహాకల్పన అనదగినది 'హాహాహూహూ'. పురాణములలో హాహా, హూహూ అని ఇద్దరు గంధర్వులు గలరు. గుఱ్ఱపు తల, మనిషి శరీరము, రెక్కలు గల అట్టి గంధర్వుడొకడు లండను నగరమున ట్రఫాల్గర్ చౌకులో వచ్చి పడును. జనము మూగుదురు. ఇది యే జాతి మృగమని శాస్త్రజ్ఞులు తర్కింతురు. బోనులో పెట్టుదురు. ఆ 'మృగము' నోరు తెరచి సంస్కృతము మాట్లాడును. అప్పటినుండి కథ తలక్రిందులగును. బోనులోనివాడు పరీక్షకుడును, బయటివారు పరీక్ష్యులును అగుదురు. తమకు తెలియనిది ఉండజాలదని నమ్మిన ఒక నాగరికత, తన శాస్త్రములలో ఎక్కడను చోటులేని ఒక ప్రాణిని కన్నులారా చూచుచు, చూచినదానిని నమ్ముటయా, చదివినదానిని నమ్ముటయా అని తికమకపడును. చివరకు గంధర్వుడు తన దారిని తాను ఆకాశమున కెగిరి పోవును. ఆంగ్లేయులు మన దేశమును ఏలుచున్న దినములలో, ఒక తెలుగు పంతులు కూర్చుండి, వారి రాజధాని నడిబొడ్డున వారినే అడవిమనుష్యులుగా నిలబెట్టి నవ్వెను. తెలుగులో ఇంత చిన్న పుస్తకమున ఇంత పెద్ద తిరుగుబాటు అరుదు. వెల్చేరు నారాయణరావుగారి ఆంగ్లానువాదము 2018లో వచ్చిన పిమ్మట విదేశములవారును దీనిని చదువుచున్నారు.

ఆ అనువాదముతో పాటే చేరినది 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'. పంచతంత్రము చెప్పిన విష్ణుశర్మయు, భారతము తెనిగించిన తిక్కనయు ఒక ఉపాధ్యాయుని కలలోనికి వచ్చి తమకు ఇంగ్లీషు నేర్పుమని కూర్చుందురు. పలుకని అక్షరములను వ్రాయుట యెందుకని విష్ణుశర్మ అడుగు ప్రశ్నలకు ఆ ఉపాధ్యాయుడు చెప్పలేక చచ్చును. ఇరువదేండ్లకు పైగా కళాశాలలలో తరగతి గది నెరిగిన వాడు గాని ఆ హాస్యమును వ్రాయజాలడు.

ఇక అసలు కయ్యము. విలియం జోన్సు కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో 1793లో చేసిన ఉపన్యాసమున ఒక మాట చెప్పెను: గ్రీకులు 'సాండ్రకొట్టస్' అని వ్రాసిన రాజు చంద్రగుప్తుడే, వారి 'పాలిబోత్ర' పాటలీపుత్రమే. అలెగ్జాండరు కాలము గ్రీకు లెక్కలలో స్థిరము కనుక, ఈ యొక్క ముడితో భారతదేశ చరిత్ర యంతయు క్రీస్తుపూర్వపు నాలుగవ శతాబ్దమునకు కట్టుబడినది. ఆ చంద్రగుప్తుడు మౌర్యుడని పండితులు తేల్చిరి. మనము బడిలో చదివినది అదియే. పండిత కోట వేంకటాచలముగారు ఈ ముడినే పట్టి లాగిరి. గ్రీకులు చెప్పినది మౌర్య చంద్రగుప్తుని గాదు, గుప్తవంశపు చంద్రగుప్తుని అని ఆయన వాదము. దానిని నిలబెట్టుటకు ఆయన తెలుగులోను ఆంగ్లములోను పుస్తకముల మీద పుస్తకములు వ్రాసెను. కాశ్మీర నేపాళ రాజుల కాలమును గూర్చియు విడిగా గ్రంథములు వెలువరించెను. విశ్వనాథవారి నవలలకు వెనుకనున్న చరిత్రకారుడు ఈయనయే.

ఆయన లెక్కను ఒకసారి దగ్గరగా చూడవలెను. ఇందు మంత్రతంత్రము లేవియు లేవు, కేవలము తీసివేతలే. భారతయుద్ధము క్రీ.పూ. 3138లో జరిగినది, దానికి ముప్పదియారేండ్లకు, 3102లో, కలియుగము ప్రవేశించినది. యుద్ధము నాటినుండి మగధను జరాసంధుని వంశమువారైన బార్హద్రథులు ఇరువదియిద్దరు 1006 ఏండ్లు ఏలిరి. ప్రద్యోతులు అయిదుగురు 138 ఏండ్లు, శిశునాగులు పదిమంది 360 ఏండ్లు, నందులు నూరేండ్లు. ఇక్కడికి క్రీ.పూ. 1534 వచ్చును, మౌర్య చంద్రగుప్తుని పట్టాభిషేకము అప్పుడు. మౌర్యులు 316, శుంగులు 300, కాణ్వులు 85 ఏండ్లు ఏలిన పిమ్మట, క్రీ.పూ. 833లో ఆంధ్రులు మగధ సింహాసన మెక్కిరి. ముప్పదియిద్దరు ఆంధ్రరాజులు 506 ఏండ్లు ఏలిరి. 833 నుండి 506 తీసివేయుడు: 327. మరుసటి యేడే అలెగ్జాండరు పంజాబులో యుద్ధము చేయుచున్నాడు. సరిగ్గా అప్పుడే గుప్తులు వచ్చుచున్నారు. ఈ చివరి సంఖ్య దగ్గరకు చేరినపుడు, వాదమును నమ్మనివానికి సైతము ఒక నిమిషము ఒడలు జలదరించును.

ఆ జలదరింపే విశ్వనాథవారిచేత 'పురాణవైర గ్రంథమాల' చెప్పించినదని నా యూహ. భగవంతుని మీది పగ, నాస్తికధూమము, ధూమరేఖ, నందోరాజా భవిష్యతి, చంద్రగుప్తుని స్వప్నము, అశ్వమేధము, నాగసేనుడు, హెలీనా, పులిమ్రుగ్గు, అమృతవల్లి, నివేదిత, వేదవతి - ఇవి పండ్రెండు. ఇవి చాలక, నేపాళ రాజవంశముల మీద దిండుక్రింది పోకచెక్క, దంతపు దువ్వెన మొదలగునవి ఆరు; కాశ్మీర రాజవంశముల మీద కవలలు, మిహిరకులుడు మొదలగునవి మరి యారు. మొత్తము ఇరువదినాలుగు నవలలు, మూడు వేల యేండ్లను మించిన కాలము. ఒక్క మనిషి ఒక్క పంచాంగమునకు కట్టుబడి ఇంతటి కల్పిత చరిత్రను నిర్మించుట తెలుగులో మరొకటి లేదు.

పురాణములలోని రాజవంశ భాగము చదివినవారికి తెలియును, అది యెంత పొడిగా నుండునో. ఫలానావాడు ఇన్ని యేండ్లు ఏలును, వాని కొడుకు ఫలానావాడు ఇన్ని యేండ్లు. అంతే. ఆ పైన మాట లేదు. విచిత్రమేమనగా ఇది యంతయు భవిష్యత్ కాలమున చెప్పబడినది. వ్యాసుడు ముందుగానే చూచి చెప్పుచున్నట్లు, రాబోవు రాజుల పట్టికగా వ్రాయబడినది. అనగా మన పురాణములలో చరిత్ర అనబడునది రూపమును బట్టి భవిష్యత్కథయే. 'నందోరాజా భవిష్యతి' అని పేరు పెట్టునపుడు విశ్వనాథవారికి ఆ వినోదము తెలియకపోలేదు. ఆయన చేసిన పని యేమనగా, పట్టికలోని రెండు పేర్ల నడుమనున్న ఖాళీలో ఒక అంతఃపురమును, ఒక కుట్రను, ఒక యోగిని, ఒక ప్రేమను నిలిపి, ఇరుప్రక్కల అంకెలకు అంగుళమైనను భంగము రాకుండ కథ నడుపుట. ఇది గడసాము వంటి విద్య. తీగ మీద నడచువాడు తీగను ప్రశ్నింపడు.

తీగను ప్రశ్నించుట మన పని. కోట వేంకటాచలముగారి అంకెలలో మౌర్యులకు 316, శుంగులకు 300, కాణ్వులకు 85 ఏండ్లని చూచితిమి. కాని పురాణ ప్రతులలో సామాన్యముగా కనబడు అంకెలు వేరు: మౌర్యులకు 137, శుంగులకు 112, కాణ్వులకు 45. ఈ మూడు చోట్లనే నాలుగువందల యేండ్లకు పైగా తేడా. ఆంధ్రులకు మత్స్యపురాణము 460 ఏండ్లు చెప్పును. ప్రతికొక పాఠము గల గ్రంథమునుండి పెద్ద అంకెను ఏరుకొన్నవానికి పెద్ద మొత్తమే వచ్చును. అంతకన్న గట్టి సాక్ష్యము రాతి మీద నున్నది. అశోకుడు తన పదుమూడవ శిలాశాసనమున తన పొరుగు యవనరాజుల పేర్లు అయిదు చెప్పెను: అంతియోకుడు, తురమాయుడు, అంతికిని, మకుడు, అలికసుందరుడు. ఈ అయిదుగురు గ్రీకు రాజులును ఒకే కాలమున బ్రతికియున్నది క్రీస్తుపూర్వపు మూడవ శతాబ్దమున. అశోకుడు క్రీ.పూ. 15వ శతాబ్దమువాడైనచో వీరిని ఎట్లెరుగును? వారు భారతదేశపు సరిహద్దులలోనే యుండిన వేరు యవనులని ఆ పక్షమువారి సమాధానము. అయిదు పేర్లు అయిదుగురికి సరిపోవుట కేవలము యాదృచ్ఛికమని నమ్మవలసి వచ్చుచున్నది గనుక, నాకు ఆ సమాధానము రుచింపలేదు. చరిత్రగా ఈ కాలగణనము నిలువదు. ఆ మాట చెప్పుటకు మొగమోటపడి, 'ఒక దృష్టికోణము' అని తప్పుకొను వ్యాసములు ఈ మధ్య చాల వచ్చుచున్నవి. విశ్వనాథవారు అట్టి మెత్తదనమును సహించెడివారు కారు.

అయినను నాటి కరీంనగరము జిల్లా నేల ఆయనను పూర్తిగా ఓడింపలేదు. గోదావరిలో పెద్దవాగు కలియు చోట, నేటి జగిత్యాల జిల్లాలో, కోటిలింగాల అను గ్రామము గలదు. మట్టికోట గోడలు, ఇటుక కట్టడములు, నదీతీరమున ఒక పురాతన నగరపు దిబ్బ. 1970వ దశకపు చివరి సంవత్సరములనుండి అచ్చటి నాణెములు పండితుల దృష్టికి వచ్చినవి, పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివి ప్రకటించిరి. అంతకు ముందే, 1976 అక్టోబరు 18న, విశ్వనాథవారు గుంటూరులో పరమపదించిరి. ఆ నాణెములు చేతి గోటి కన్న కొంచెము పెద్దవి, లోహము నల్లబడినది, అంచులు అరిగినవి. ఒక వైపు ఏనుగు, చుట్టును బ్రాహ్మీ అక్షరములు. కొన్నిటి మీద చదువబడిన పేరు చిముక సాతవాహనుడు.

పురాణములు ఆంధ్రవంశమునకు మూలపురుషుడుగా చెప్పిన పేరు ఇదియే. ప్రతులలో శిశుకుడనియు, సింధుకుడనియు, శిప్రకుడనియు అరిగి మారినది. నానాఘాటు గుహలో సిముకుడుగా కనబడినది. గోదావరి యొడ్డున లోహము మీద చిముకుడుగా మిగిలినది. తాటాకుల మీద లేఖకుల చేతులు మారుచు రెండు వేల యేండ్లు ప్రయాణము చేసిన ఒక పేరు, ఏ లేఖకుడును చూడని నాణెముతో సరిపోయినది. పురాణములను కట్టుకథలని కొట్టివేసినవారికి ఇది చెంపపెట్టే. విశ్వనాథవారు బ్రతికియుండిన యెడల దీని మీద ఒక నవలయే చెప్పియుండెడివారు. కాశ్మీర నవలలలో ఒకదానికి ఆయన ముందే పెట్టిన పేరు, 'పాతిపెట్టిన నాణెములు'.

కాని అదే దిబ్బ మరికొన్ని పేర్లను గూడ పైకి పంపినది. గోబద, నారన, కంవాయ, సమగోప - వీరును ఇచ్చట నాణెములు పోయించిన రాజులే. వీరి పేర్లు ఏ పురాణపు పట్టికలోను లేవు. వ్యాసుడు వీరిని చూడలేదు. మగధ సింహాసనము వైపు చూపు నిలిపిన పట్టికకు, గోదావరి దిగువన ఏలుకొనుచున్న చిన్న దొరలతో పని లేదు. ఇక సంవత్సరములందురా, చిముకుని కాలము క్రీస్తుపూర్వపు మూడవ శతాబ్దమా, మొదటి శతాబ్దమా అని చరిత్రకారులు నేటికిని తగవులాడుచునే యున్నారు. తొమ్మిదవ శతాబ్దమునకు మాత్రము అందులో ఎవరును పోలేదు. సాతవాహనుల పుట్టినిల్లు ఇదియా, ఎగువన మహారాష్ట్రములోని పైఠానమా అను తగవును తీరలేదు. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులోను, ధూళికట్టలోను జరిగిన త్రవ్వకములు ఈ ప్రాంతమున సాతవాహన నగరజీవనము ఎంత చిక్కనిదో చూపినవి. ధూళికట్ట బౌద్ధస్తూపపు ఫలకముల మీద ముచిలిందనాగము పడగలు విప్పియున్నది. వేయిపడగలు చెప్పిన కవి దానిని చూచియుండిన బాగుండెడిది, ఏమనెడివారో!

నిజమునకు, వ్రాతలేని వంశచరిత్ర ఎట్లు నిలుచునో చూచుటకు పాటలీపుత్రము దాక పోనక్కరలేదు. ఆదిలాబాదు గోండుల పూర్వకథలను నోట నిలిపినవారు పర్ధానులు. ఒక్కొక్క గోత్రమునకు తరతరముల పర్ధాను కుటుంబముండును; పెర్సపేన్ అను గోత్రదేవత కొలుపు నాడు కిక్రి యను తంతివాద్యమును వాయించుచు ఆ గోత్రపు పుట్టుకను, వీరులను, వలసలను పాడును. గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీము 1940లో నేలకొరిగిన పిమ్మట నిజాము ప్రభుత్వము పంపగా వచ్చిన హైమెండార్ఫు అను పండితుడు, మార్లవాయిలో నివసించి, ఆ గాథలను వ్రాసికొని 1948లో గ్రంథముగా ప్రకటించెను. ఆయన ఆ గాథలను తేదీలకై వెదకలేదు. ఆ జనము తన్ను తాను ఎట్లు తలచుకొనునో తెలిసికొనుటకు వెదకెను. పర్ధానుకు క్రీ.పూ. ఎన్నవ సంవత్సరమన్న ప్రశ్న అక్కరకు రాదు, ఎవరి తరువాత ఎవరన్నదే కావలెను. అదే గోదావరి మీద, అదే జిల్లాలో నిన్నటివరకు నుండిన బాసరలో వ్యాసుడు ఇసుకతో సరస్వతిని ప్రతిష్ఠించెనని స్థలపురాణము; దానికిని ఎవరును తేదీ నడుగరు. పురాణముల పట్టికలను గూడ పర్ధాను పాటను వినునట్లు వినియుండిన, వానిని గ్రీకు తేదీలతో పందెమునకు దింపవలసిన యవసరము కోట వేంకటాచలముగారికి గాని, విశ్వనాథవారికి గాని కలుగకపోవును. తెల్లవాని కొలత తప్పని చూపుటకు వారు తెల్లవాని కొలబద్దనే చేతబట్టిరి. తేదీలు లేని చరిత్ర చరిత్రయే కాదన్న మాటను లోలోపల వారును ఒప్పుకొనిరి. నా దృష్టిలో ఈ వాదములోని అసలు లోపము ఇది. అంకెల తప్పు దీని తరువాతిది.

విశ్వనాథవారి సాంఘిక భావములు వేరొక చిక్కు. వర్ణధర్మమును ఆయన మనఃపూర్వకముగా సమర్థించెను. ఆయన నవలలలో బౌద్ధునకు, నాస్తికునకు న్యాయము దొరుకుట అరుదు. ఆ పుటలను దాటవేసి చదువుమని చెప్పను. అవి పుస్తకపు వెన్నెముకలోనే యున్నవి. ఆయనతో ఏకీభవించినవారే ఆయనను చదివిరనుకొనుట మాత్రము పొరపాటు. వేయిపడగలను 'సహస్రఫణ్' పేర హిందీలోనికి తెచ్చినది పాములపర్తి వేంకట నరసింహారావుగారు. 1957 నుండి మంథని శాసనసభ్యులుగా నుండి, విశ్వనాథవారు కరీంనగరమున నున్న కాలమున ఆ జిల్లా రాజకీయములలో తిరుగుచుండిన యువకుడు. భూసంస్కరణలు తెచ్చిన చేతులు, జమీందారీ వైభవమునకు విలపించిన నవలను అనువదించినవి. ఆ పిమ్మట ఆయనయు అఫ్రోజాబాదు అను లేని రాష్ట్రమును కల్పించి, దానిలో తాను చూచిన రాజకీయ చరిత్రను నవలగా వ్రాసెను. మధుర నాయకరాజుల నాటి కథయైన ఏకవీర 1969లో చలనచిత్రమైనపుడు సంభాషణలు వ్రాసినది హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు. తెలుగునకు మొదటి జ్ఞానపీఠము 1970కి గాను రామాయణ కల్పవృక్షమునకు వచ్చినది, రెండవది 1988కి గాను నాటి కరీంనగరము జిల్లాలోని ఈ హనుమాజీపేటకు వచ్చినది.

విశ్వనాథవారిని మొదటిసారి చదువబోవువారు పురాణవైర గ్రంథమాలతో మొదలు పెట్టవలదు. మూడవ నవలకే పుస్తకము మూసివేయుదురు. హాహాహూహూ ఒక సాయంకాలమున ముగియును. పిమ్మట విష్ణుశర్మను, ఆ పిమ్మట తీరిక దొరికినపుడు వేయిపడగలను చదివి, పసిరిక మీద మనసు నిలిచినవారు మాత్రము మగధకు ప్రయాణము కట్టవచ్చును. అప్పుడు 'చంద్రగుప్తుని స్వప్నము' ప్రక్కన పురాణముల రాజవంశ పట్టికయు, అశోకుని పదుమూడవ శాసనపు తెలుగు తాత్పర్యమును ఉంచుకొని చదువుట మంచిది. కరీంనగరమువారికి మరొక సౌకర్యము కలదు: సెలవునాడు కోటిలింగాలకు పోయి రావచ్చును. ఎల్లంపల్లి జలాశయపు నీరు దిబ్బ దాక వచ్చినది. వేసవిలో నీరు తగ్గినపుడు వెళ్లవలెను.